గుర్రం కడుపులో ఇసుక

బండికో, పెళ్లి ఊరేగింపులకో గుర్రాన్ని పెంచుకొనే కుటుంబానికి అదే జీవనాధారం. ఇసుక నేలపై ఉలవలు, గడ్డి వేస్తే మేతతోపాటు ఇసుక కూడా లోపలికి పోయి పెద్దప్రేగులో పేరుకొంటుంది. అప్పుడు గుర్రం మేత మానుతుంది. ముందుకాలితో నేల గీరుతుంది. మాటిమాటికి డొక్కవైపు చూసుకొంటుంది. నొప్పి ఎక్కువైతే పడి దొర్లుతుంది. కొన్నిటికి విరేచనాలు కూడా అవుతాయి.

అనుమానం కలిగితే, నేల తగలని లద్దెను బకెట్టు నీటిలో కలిపి కొంతసేపు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక దిగితే కారణం అదే కావచ్చు. దిగకపోయినా, నొప్పి ఉన్నంతవరకు నిర్లక్ష్యం చేయకండి.

మేత తీసివేసి వెంటనే పశువైద్యుని పిలిపించండి. తొందరపడి వెదురుగొట్టంతో నూనె పోయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. వైద్యుడు పరీక్షించి, అవసరమైతే ముక్కుగుండా కడుపులోకి గొట్టం వేసి ఇసబ్గోల్ పొట్టు, ఎప్సమ్ సాల్ట్ నీటిలో కలిపి ఇస్తారు. ఆలస్యమైతే ఆపరేషన్ దాకా పోవచ్చు.

నయమైన తరువాత మేత తొట్టిలోనే పెట్టండి. తొట్టి క్రింద రాయి పరచి రోజూ ఊడ్వండి. ఎండుగడ్డి, మంచినీళ్లు కొరత లేకుండా చూడండి. ఒక తొట్టి ఖర్చు గుర్రం ప్రాణంకంటే ఎక్కువ కాదు గదా!