ఒక్క విషయమా, పది విషయాలా?

నెలజీతం లేకుండా కలం మీదనే జీవించదలచినవారిని ఢిల్లీ నగరం ఎంతో కాలంగా ఆకర్షిస్తూనే ఉన్నది. బహదూర్ షా జఫర్ మార్గ్‌లో పత్రికా కార్యాలయాలు, దర్యాగంజ్‌లోని అన్సారీ రోడ్డులో ప్రచురణ సంస్థలు, నోయిడా ఫిల్మ్ సిటీలో టెలివిజన్ స్టూడియోలు, అనువాదాలు చేయించే సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్టు - ఎక్కదగిన గుమ్మాలు ఎన్నో ఉన్నాయి. ఏ గుమ్మం ఎక్కినా ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒక్కటే: "మీరు దేనిని గురించి రాస్తారు?"

"దేనిని గురించి అయినా రాస్తాను" అనేవారున్నారు. "ఫలానా విషయం మాత్రమే రాస్తాను" అనేవారూ ఉన్నారు. ఏ సమాధానం మేలు? ఇంటి అద్దె, పిల్లల చదువు ఈ సమాధానం మీద ఆధారపడి ఉన్నప్పుడు ఇది కేవలం కాలక్షేపానికి చేసే చర్చ కాదు.

అన్నీ రాయగలవారికి తొలి రోజులలో పని తేలికగా దొరుకుతుంది. ఒక పత్రిక మూతపడినా మరొకటి ఆదుకుంటుంది. కాని ప్రతి వ్యాసానికీ ఓనమాల నుంచి చదువుకోవాలి. పారితోషికం రాసిన మాటలకే గాని చదివిన పుటలకు రాదు. పైగా, దొరికిన సమాచారాన్ని పోగుచేసి వ్యాసంగా కూర్చే పనిని నేడు కంప్యూటరే క్షణాలలో చేస్తున్నది. అందరికీ తెలిసినదే మళ్లీ రాసేవారి అవసరం తగ్గిపోతున్నది.

అలాగని ఒక్కదానినే పట్టుకోవడం కూడా నిరపాయకరం కాదు. పంచవర్ష ప్రణాళికల వ్యాఖ్యానం ఒకప్పుడు ఢిల్లీ రచయితలకు నమ్మకమైన ఆధారం. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. పన్నెండవ ప్రణాళిక 2017తో ముగిసింది. రైల్వే బడ్జెట్‌ను కూడా 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపివేశారు. బడ్జెట్ రోజున మాత్రమే రైళ్లను తలచుకునే రచయితకు ఆ సందర్భమే లేకుండాపోయింది. పట్టాలు, సరుకు రవాణా, గ్యాంగ్‌మన్ బ్రతుకు తెలిసిన రచయితకు మాత్రం విషయం అలాగే మిగిలి ఉన్నది. కనుక ప్రావీణ్యం విషయంలో ఉండాలి, సందర్భంలో కాదు.

ఈ నగరంలోనే జీవించిన ఖుష్వంత్ సింగ్ (1915-2014) ఉదాహరణ పరిశీలించదగినది. న్యాయవాద వృత్తిని, విదేశాంగ శాఖ ఉద్యోగాన్ని విడిచి ఆయన రచనను చేపట్టారు. 1956లో వెలువడిన 'ట్రైన్ టు పాకిస్తాన్' నవలాకారునిగా పేరు తెచ్చింది. 1957లో ప్రారంభమైన 'యోజన' పత్రికకు ఆయన తొలి సంపాదకులు. కథలు, అనువాదాలు, హాస్యపు పుస్తకాలు, వారం వారం శీర్షికలు - అన్నీ రాశారు. పైపైన చూచేవారికి అన్నింటా వేలు పెట్టిన వ్యక్తిగా కనబడతారు. కాని 1963, 1966 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడిన సిక్కుల చరిత్ర వెనుక ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఉన్నది. 1984లో పంజాబ్ దేశాన్ని కుదిపివేసినప్పుడు ఆయన మాటకు బరువునిచ్చినది ఆ అధ్యయనమే గాని హాస్యోక్తులు కావు.

తెలుగువారికి ఆరుద్ర (1925-1998) ఉండనే ఉన్నారు. 'త్వమేవాహం' కావ్యం, సినిమా పాటలు, అపరాధ పరిశోధక నవలలు, చివరకు చదరంగం - ఆయన కలం దేనినీ కాదనలేదు. అయినా, 1965 నుంచి సంపుటాలుగా వెలువడిన 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' కోసం నేటికీ పరిశోధకులు ఆయన వద్దకు వెళ్లవలసిందే.

ఇద్దరిలోనూ కనబడేది ఒకటే సూత్రం: జ్ఞానంలో లోతు, ప్రక్రియలో వైవిధ్యం. యమునా నదిని శ్రద్ధగా అధ్యయనం చేసిన రచయితను ఊహించండి. 2023 జూలైలో నది 208.66 మీటర్ల మట్టానికి చేరి 1978 నాటి రికార్డును దాటినప్పుడు, అటువంటి రచయిత ఆ రాత్రే వ్యాసం ఇవ్వగలడు. ఆ తరువాత అదే విషయాన్ని రేడియో ప్రసంగంగా, పిల్లల పుస్తకంగా, డాక్యుమెంటరీ వ్యాఖ్యానంగా మలచగలడు. చట్టం కూడా ఇందుకు తోడ్పడుతున్నది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసిన వ్యాసానికి, వేరే ఒప్పందం లేనట్లయితే, తొలి హక్కుదారు రచయితయే. హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకమైన పత్రం ఉండాలి. కనుక సంతకం చేసే ముందు ప్రతి షరతునూ చదవడం అవసరం.

రాయలసీమ మెట్టరైతు వేరుశనగ చేనులో కంది సాళ్లు కూడా వేస్తాడు. వేరుశనగ ముందుగా చేతికి వస్తుంది. కంది వేళ్లు లోతుకు దిగి, ఆలస్యంగా పండుతుంది. కొత్తగా కలం పట్టినవారు వచ్చిన పనినల్లా కాదనకుండా చేయవచ్చు. అది ఇల్లు గడిపే పంట. కాని వారంలో ఒక పూటనైనా, ఎవరూ అడగకపోయినా, డబ్బు రాకపోయినా, ఒకే విషయాన్ని చదవడానికి కేటాయించాలి. ఏ విషయమన్నది తేల్చుకోవడం కూడా కష్టం కాదు: పారితోషికం అందిన తరువాత కూడా ఏ సంగతిని గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తుందో, అదే.