గృహిణులకొక మాట: కత్తిపీట అంచు

విజయనగర, శ్రీకాకుళ ప్రాంతముల ఇండ్లలో ఆవకాయ దినములు రాగానే కత్తిపీటకు పని హెచ్చును. అంచు మెఱసినచో పదునున్నదని పలువురు తలతురు. మేము దీనికి విరుద్ధముగా జెప్పుదుము. దీపపు వెలుగున, సెల్‌ఫోను కెమెరాకు భూతద్దము నమర్చి, అంచును మీదినుండి ఛాయాచిత్రము తీసిచూడుడు. పదునైన అంచు మిక్కిలి సన్నము గనుక వెలుగును త్రిప్పికొట్టదు. నల్లని గీతవలె నుండును. మొద్దుబాఱినచోట తెల్లని చుక్కలు మెఱయును. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు, ఉక్కుకంటె 50 రెట్లు మెత్తనైన వెండ్రుక సైతము క్షురపుటంచును పెచ్చులూడ్చునని సూక్ష్మదర్శినితో కనుగొనిరి. ఇక మామిడి టెంక మాట చెప్పవలెనా? మొద్దు కత్తికి కాయను బలముగా నదుమవలసివచ్చును. కాయ జాఱును, వ్రేలు తెగును. కావున సోదరీమణులారా, చుక్క కనబడిననాడే సానపట్టింపుడు.