మంట మనది, సారం ఎవరిది?



నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతం 2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. జిల్లా పేరు మారినా పొలాల్లో పత్తి, మిరప మారలేదు. మన హాస్టల్లో చాలామంది తల్లులు మిరప కోతలకు వెళ్ళేవారే. కోతలప్పుడు రాత్రిళ్ళు వాళ్ళ చేతులు ఎలా మండుతాయో మనకు తెలుసు. ఆ మంటకు కారణమైన పదార్థం పేరు క్యాప్సైసిన్.

1816లో బుఖోల్జ్ దీన్ని మొదటిసారి మిరప నుంచి వేరుచేశాడు. 1876లో థ్రెష్ శుద్ధరూపంలో తీసి ఈ పేరు పెట్టాడు. కారమంతా గింజల్లో ఉందనుకుంటాం గానీ, అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగంలో. వేడినీ, కారాన్నీ మన నరాల్లో గుర్తించేది ఒకే గ్రాహకమని 1997లో డేవిడ్ జూలియస్ బృందం చూపింది. 2021 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. నరాల నొప్పికి వాడే పూతమందుల్లోనూ ఈ క్యాప్సైసిన్ ఉంటుంది.

సారం తీయడం మనకు కొత్త విద్య కాదు. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎర్రగా, కారంగా ఎందుకుంటుంది? మిరప రంగు, కారం నీటిలో కంటే నూనెలో బాగా కరుగుతాయి కనుక. ఫ్యాక్టరీలో నూనెకు బదులు ద్రావణిని వాడి, తరువాత దాన్ని ఆవిరి చేస్తారు. మిగిలిన చిక్కని సారమే ఓలియోరెసిన్. ఘాటైన తేజ రకానికి గిరాకీ రావడానికి ఇదొక కారణం.

కోసినవారికి దినకూలి, పండించినవారికి క్వింటాలు ధర. అసలు విలువ సారం తీసిన దగ్గర పెరుగుతుంది. ఆ పని చేయడానికి పెట్టుబడి కావాలి, చదువు కావాలి. పెట్టుబడి మన చేతిలో లేదు. చదువు ఉంది.

అందుకే నా అభిప్రాయం ఇది. కెమిస్ట్రీ కష్టమని భయపడి ఇంటర్లో సైన్సు గ్రూపు వదలకండి. కోతల కాలంలో బడి మానకండి. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి శాలువాల బదులు పరీక్షనాళికలు, బీకర్లు తెస్తే మరీ మంచిది.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకొక మాట చెప్పండి. కోత నుంచి రాగానే ముందు చేతులకు నూనె రాసి, తరువాత సబ్బుతో కడుక్కోమనండి. ఉత్త నీళ్ళకు ఆ మంట పోదు. మనం చదివిన రసాయనశాస్త్రం మొదట అమ్మ చేతులకు పనికిరావాలి.