మస్కట్‌లో మన తెలుగు కెప్టెన్.. ఎందరికి తెలుసు?

2024 జనవరిలో భారత మహిళల హాకీ జట్లు అమెరికాతో పదిహేను రోజుల లోపే రెండుసార్లు తలపడ్డాయి. ఒకటి రాంచీలో, రెండోది మస్కట్‌లో. ఒకచోట ఓడాం, ఒకచోట గెలిచాం. పుట్టిన దేశానికీ, పొట్టకూటికి వచ్చిన దేశానికీ మధ్య పోటీ! మరి ఫ్రీమాంట్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో ఎంతమంది ఆ మ్యాచ్‌ల గురించి మాట్లాడుకున్నారు? క్రికెట్ అయితే అర్ధరాత్రి అలారం పెట్టుకుని మరీ లేస్తారు. తెల్లారి ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నా స్కోరు మాత్రం నాలుక మీదే ఉంటుంది. హాకీ అనేసరికి, అందులోనూ ఆడపిల్లల హాకీ అనేసరికి.. 'ఓహో, అలాగా' అని ఊరుకుంటారు.

రాంచీలో జరిగింది ఆషామాషీ టోర్నీ కాదు. పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత పోటీ. ఎనిమిది జట్లు, మూడే బెర్తులు. జనవరి 13న తొలి మ్యాచ్‌లోనే అమెరికా 1-0తో మనల్ని దెబ్బ కొట్టింది. చివరకు 19న మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడితే అదీ 0-1తోనే పోయింది. టోక్యోలో నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టు పారిస్ గడప తొక్కలేకపోయింది. అసలు ఆ టోక్యోకు వెళ్లింది కూడా అమెరికాను దాటుకునే. 2019 నవంబరులో భువనేశ్వర్‌లో మొదటి మ్యాచ్ 5-1తో గెలిచాం, మర్నాడు 1-4తో ఓడాం. మొత్తం గోల్స్ లెక్కలో 6-5. రెండో రోజు రాణి రాంపాల్ కొట్టిన ఆ ఒక్క గోలే గట్టెక్కించింది. రాంచీలో అమెరికా అమ్మాయిలు పాత బాకీ తీర్చేసుకున్నారన్న మాట.

ఆ దిగులు తీరకముందే, జనవరి 24 నుంచి 27 దాకా మస్కట్‌లో హాకీ ఫైవ్స్ తొలి ప్రపంచకప్. జట్టుకు ఐదుగురే, చిన్న మైదానం, చకచకా గోల్స్. వేరే జట్టు, వేరే తరహా ఆట. అక్కడ అమెరికాను 7-3తో ఓడించాం. ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రెండో స్థానంలో నిలిచాం. ఆ భారత జట్టుకు కెప్టెన్ ఎవరనుకున్నారు? ఇతిమరపు రజని. మన తెలుగమ్మాయి. అప్పటి చిత్తూరు, ఇప్పటి తిరుపతి జిల్లా ఎర్రావారిపాలెం మండలం నుంచి వచ్చిన గోల్‌కీపర్.

ఈ అమ్మాయి గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. 2017లో జపాన్‌లో ఆసియాకప్ గెలిచిన జట్టులో రజని ఉంది. అయితే గోల్‌పోస్టు ముందు సవిత ఉన్నన్నాళ్లూ రజనిది రెండో స్థానమే. గోల్‌కీపర్ సంగతే అంత. ఫార్వర్డ్‌లను కొన్ని నిమిషాలకోసారి మార్చి మార్చి దింపుతారు, గోల్‌కీపర్‌ను అలా మార్చరు. మొదటామె దిగితే రెండో ఆమె రోజూ అంతే చెమటోడ్చి, ప్యాడ్లు కట్టుకుని కూర్చోవాలి. బెంచి మీద ఉండటం అంటే ఏంటో మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు వేరే చెప్పక్కర్లేదు కదా! అలా ఏళ్ల తరబడి ఓపిక పట్టిన మనిషి, ముప్పై దాటాక దేశానికి నాయకత్వం వహించి ప్రపంచకప్ ఫైనల్ ఆడించింది. అదీ మనవాళ్లు వేల సంఖ్యలో బతుకుతున్న గల్ఫ్ గడ్డ మీద. ఇక్కడ మన సంఘాల వేదికల మీద సినిమావాళ్లకు కప్పే శాలువాల్లో ఒక్కటి ఈ అమ్మాయికి మిగలదా?

నిర్లక్ష్యం మన ఒక్కరిదే కాదు లెండి. మస్కట్ టోర్నీ అయ్యాక నెల తిరక్కుండానే మహిళల జట్టు కోచ్ యానెక్ షోప్‌మన్ రాజీనామా చేసింది. అంతకుముందు అమెరికా జట్టుకు కోచ్‌గా చేసిన డచ్ మహిళ ఆమె. మగవాళ్ల జట్టుకున్న విలువ తమకు లేదని బాహాటంగానే చెప్పింది. హాకీ ఇండియా కాదంది. ఎవరి మాట ఎలా ఉన్నా, 2025లో మహిళల హాకీ ఇండియా లీగ్ మొదలైతే నాలుగే జట్లు. హైదరాబాద్ పేరుతో మగవాళ్ల జట్టు ఉంది, ఆడవాళ్లది లేదు. 2003లో అదే హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగితే, సూరజ్ లతాదేవి నాయకత్వంలో మన అమ్మాయిలు స్వర్ణం గెలిచారు. టైబ్రేకర్‌లో గోల్‌కీపర్ హెలెన్ మేరీ అడ్డుగోడలా నిలిచింది. ఆ తర్వాత గచ్చిబౌలిలో కంపెనీలు పెరిగాయి, మనవాళ్లు అక్కణ్నుంచి ఫ్రీమాంట్ దాకా వచ్చారు. హాకీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

విచిత్రం ఏంటంటే, అమెరికాలో ఈ ఆట ఆడపిల్లలదే. దుకాణానికి వెళ్లి హాకీ కర్ర అడిగితే మంచు మీద ఆడే కర్ర చేతిలో పెడతారు, అది వేరే కథ. ఫీల్డ్ హాకీ అంటేనే ఇక్కడివాళ్లకు అర్థమవుతుంది. 1901లో కాన్‌స్టెన్స్ యాపిల్‌బీ అనే ఇంగ్లిషావిడ ఈ ఆటను ఇక్కడి కాలేజీ అమ్మాయిలకు నేర్పింది. చదువుల్లో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదంటూ 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాక ఆడపిల్లల ఆటలకు బలం చేకూరింది. ఎన్‌సీఏఏ కాలేజీ పోటీల్లో ఫీల్డ్ హాకీ మహిళలకే ఉంది. మనకు దగ్గర్లోనే స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, కాస్త దూరంగా డేవిస్.. మూడుచోట్లా జట్లున్నాయి. ఖర్చు తగ్గించుకోవాలని 2020లో స్టాన్‌ఫర్డ్ రద్దు చేస్తామన్న పదకొండు ఆటల్లో ఇదీ ఒకటి. పూర్వ విద్యార్థులు, క్రీడాకారులు గొడవ చేస్తే 2021లో వెనక్కి తగ్గింది. అడిగేవాళ్లు ఉంటే ఆట నిలబడుతుంది.

మన ఇళ్లలో ఆడపిల్లకు కూచిపూడి, కర్ణాటక సంగీతం, శనివారం లెక్కల క్లాసు. మంచివే, వద్దనడం లేదు. కాలేజీ అప్లికేషన్ కోసం ఏదో ఒక ఆట కూడా వెతుకుతాం. ఆ జాబితాలో టెన్నిస్, ఈత ఉంటాయి. ఇండియా పేరు చెబితే మొదట గుర్తుకు రావాల్సిన ఆట మాత్రం ఉండదు. సంఘాల పోటీల్లో క్రికెట్, వాలీబాల్, ఆడవాళ్లకు త్రోబాల్ పెడుతున్నారు. పక్కన ఒక మూల పది కర్రలు, నాలుగు బంతులు పెట్టి పిల్లల్ని ఆడనిస్తే ఏం పోతుంది? ఊళ్లో హాకీ ఆడిన అంకుల్స్, ఆంటీలు మన మధ్యే ఉంటారు, పిలిస్తే రారా?

2028 జులైలో లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్. హాకీ మ్యాచ్‌లకు కార్సన్‌ను ఎంచుకున్నారు. 1984లో ఇదే లాస్ ఏంజిలెస్‌లో అమెరికా మహిళలు హాకీ కాంస్యం గెలిచారు. ఆతిథ్య దేశంగా అమెరికాకు చోటు ఖాయం. ఎదురుగా మన జట్టు నిలబడితే, స్టాండ్స్‌లో ఎవరుంటారన్నది మన చేతుల్లో పని. కొట్లో, హోటల్లో, ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద బతికేవాళ్లకు సెలవు దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే ఇంత ముందుగా చెబుతున్నాం. ఫ్రీమాంట్ నుంచి కార్సన్‌కు ఐ-5 మీద ఆరేడు గంటల దారి. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రం మ్యాచ్ అందుకోవచ్చు.