జమ్ము మడులు ఎవరి నేలలో?

గని వస్తుందన్న ఊళ్లలో ఈమధ్య మనకు ఒక మాట చెప్తున్నారు. "నీళ్లు పాడవుతాయని భయమెందుకు? జమ్ము మడులు వేసి, శుభ్రం చేసే వదుల్తాం" అని. (మడంటే మనల్ని దూరం పెట్టే మడి కాదు, వరి మడి లాంటిది.) ఈ మాట అబద్ధం కాదు. సగమే చెప్తున్నారు.

గంధకం ఉన్న రాయిని తవ్వి గాలికీ నీటికీ వదిలితే ఆమ్లం పుడుతుంది. ఆ నీళ్లు ఇనుమునూ జింకునూ కాడ్మియాన్నీ కరిగించుకుని వాగులో పడతాయి. అందుకని వాటిని ముందు సున్నపురాళ్ల మీదుగా పారిస్తారు. ఆమ్లం తగ్గాక జమ్ము మధ్య మెల్లగా నడిపిస్తే ఇనుము తుప్పై అడుక్కి దిగుతుంది. ఇంకో మడిలో పేడ, కుళ్లిన ఆకు నింపి గాలాడకుండా ఉంచితే మిగతా లోహాలు బురదలో చిక్కుతాయి. జమ్ము తాగే లోహం కొంచెమే, అసలు పని బురదది. కరెంటు ఖర్చు పెద్దగా ఉండదు. మంచి పద్ధతే.

కానీ ఇంగ్లండులో ఏమైందో చూద్దాం. కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరం గని 1991లో మూసేసి పంపులాపారు. గని నిండింది. 1992 జనవరిలో అడ్డు తెగి దాదాపు 5 కోట్ల లీటర్ల విషపు నీళ్లు కార్నన్ నదిలో పడ్డాయి. సముద్రపు పాయ దాకా ఎర్రబడింది. తర్వాత జమ్ము మడులు వేసి ఏళ్ల తరబడి పరీక్షించారు. తీరా 2000లో సున్నం కలిపే యంత్రాలే పెట్టారు. గని మూసి ముప్పై ఏళ్లు దాటినా ఆ ఖర్చు ప్రజల డబ్బే.

నీళ్లెక్కువైతే మడులకు నేల చాలా కావాలి. నీళ్లు పల్లానికే కదా పోతాయి! పల్లంలో ఉన్నది మన వాడ, మన అసైన్డు చెక్క. దొరల మాగాణి జోలికి ఎవరూ పోరు. మరి కొన్నేళ్లకు మడి నిండితే ఆ విషపు బురద ఎత్తేదెవరు? ఊళ్లో మురిక్కాలవ ఇవాళ ఎవరు తీస్తున్నారో మనకు తెలుసు.

కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణకు అందరం పోదాం. మడులు కంపెనీ నేలలోనే వేస్తారా? బురద యంత్రాలతో ఎత్తుతారా, ఎత్తి ఎక్కడ పోస్తారు? గని మూశాక అయ్యే ఖర్చు ఇప్పుడే బ్యాంకులో వేస్తారా? బొగ్గు గనులకు ఇలాంటి ఖాతా ఉండాలని కేంద్రం 2009లోనే చెప్పింది, మిగతావాటికి ఎందుకుండదని అడగాలి. జవాబులు నోటితో చెప్తే ఒప్పుకోవద్దు. మినిట్స్‌లో రాయించి, చదివించుకుని, అప్పుడే సంతకం పెట్టాలి.