నక్షా చదివే నజర్ ముందు

ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో చేరిన పిల్లల అమ్మీ అబ్బాలకు ఒక మాట. ఆటోక్యాడ్ సర్టిఫికెట్ కోసం కర్జా చేసి ఇన్‌స్టిట్యూట్లకు ఫీజు కట్టకండి. చదువుకునే పిల్లలకు ఆ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీయే ముఫ్త్‌గా ఇస్తోంది. ఫ్రీక్యాడ్ అయితే అందరికీ ముఫ్తే.

గీత గీయడం, చెరపడం, సున్నా చుట్టడం ఇంట్లో కూర్చున్నా వస్తాయి. తొందరగా రానిది నజర్. మన దేశంలో వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో, పైనుంచి చూసిన బొమ్మను ఎదుటి బొమ్మకు కింద వేస్తారు. పైనుంచి చూస్తే వస్తువు నీడ పడ్డట్టు బొమ్మ కిందే పడుతుంది కదా! ఈ సంగతి తలకెక్కని బచ్చాకి వంద కమాండ్లు వచ్చినా ఏం ఫాయిదా?

ఆ నజర్ మన మొహల్లా ఖరాద్ మిస్త్రీ దగ్గరుంది. ఓ సాయంత్రం బేటాను ఆయన దుకాణానికి పంపండి. బేటీ అయితే తోడుగా మీరూ వెళ్లండి. ఒక బోల్టును వెర్నియర్‌తో కొలవాలి, కాగితం మీద పెన్సిల్‌తో గీయాలి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

డిగ్రీ లేని ఆ చాచాను ఉస్తాద్ అనడానికి శరమ్ దేనికి? రేపు మీ పిల్లలు గీసే నక్షాను లోహంలో నిలబెట్టేది ఆ చేతులే.