పెట్రోలు ఉంది, తాళంచెవి లేదు

ఒంగోలు నుంచి చెన్నైకి కారు నడుపుకుంటూ ఒక్కదాన్నే వెళ్తున్నానంటే మా వీధిలో మొదట దొంగల మాట వస్తుంది. తర్వాత లారీల మాట. ఆ తర్వాత, "అబ్బాయి ఉన్నాడుగా వదినా, వాణ్ణి రమ్మనకూడదూ?" అంటారు. మా అబ్బాయి పుణెలో ఉంటాడు. వాడికి సెలవు దొరికేదాకా ఆగితే నా మోకాళ్లు ఆగవు. నాకు మందుల షాపు ఉంది. సరుకు తెప్పించడం, డేటు అయిపోయిన మాత్రలు తిప్పి పంపడం, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రిజిస్టర్లు చూపించడం, రాత్రి షట్టరు దించడం అన్నీ నావే. ఇవన్నీ ఒక్కదాన్నే చేస్తుంటే ఎవరూ తోడు గురించి అడగలేదు. సుమారు 300 కిలోమీటర్లు వెళ్లి పట్నం చూసొస్తానంటే మాత్రం అందరికీ నా మీద బెంగ పుట్టుకొస్తుంది.

దొంగలు ఉండరని నేననను. కానీ నా అనుభవంలో ఒంటరిగా బయల్దేరిన ఆడదాన్ని దారిలో నిజంగా ఇబ్బంది పెట్టేది తాళం వేసిన మరుగుదొడ్డి. దాని గురించి మా వీధిలో ఒక్కరూ హెచ్చరించరు.

రోడ్డుకు నేను వంక పెట్టను. మన తీరం వెంబడి కలకత్తా నుంచి చెన్నై దాకా దిగే 16వ నంబరు జాతీయ రహదారి ఇది. పాతవాళ్ల నోట ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే. టంగుటూరు నుంచి వరసగా టోల్‌గేట్లు తగులుతాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక చిల్లర కోసం కిటికీ దించే పని కూడా తప్పింది. బండి మొరాయిస్తే 1033కి ఫోను చేయొచ్చు. వెలుతురుంది, గీతలున్నాయి, బోర్డులున్నాయి. తెల్లవారుజామున బయల్దేరితే నెల్లూరు చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంటుంది.

ఆ తెల్లవారుజామునే ఒక బంకులో ఆగాను. పెట్రోలు పోస్తున్న కుర్రాడు బుద్ధిమంతుడే. "లేడీస్‌ది లాక్ చేసుంది మేడం, కీ మేనేజరు గారి దగ్గరుంది" అన్నాడు. మేనేజరు గారెప్పుడొస్తారయ్యా అంటే తొమ్మిదింటికట. మగవాళ్లది బార్లా తీసే ఉంది. అసలు వాళ్లకు ఆ గది అవసరమే లేదు. కారు పక్కకు తీసి చెట్టు చాటుకు వెళ్తారు, చెట్టు లేకపోయినా వెళ్తారు. బంకులో గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా అందుబాటులో ఉంచాలన్నది చమురు కంపెనీలు తమ డీలర్లకు పెట్టిన నిబంధనే. గాలి పట్టే యంత్రానికి ఎవరూ తాళం వేయరు మరి.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్లు నా కౌంటరు దగ్గర ఓ వారం కూర్చోవాలి. పెళ్లికో తీర్థానికో ప్రయాణం చేసి వచ్చి, మూత్రంలో మంట అంటూ గొంతు తగ్గించి చెప్పి చీటీ చేతిలో పెట్టే ఆడవాళ్లు నాకు కొత్త కాదు. కదిపితే అందరిదీ ఒకటే మాట, "దారిలో ఎక్కడికి వెళ్తాంలే అని నీళ్లు తాగలేదండీ" అని. యాంటీబయాటిక్ కోర్సు ఖరీదు, రెండు రోజుల పని నష్టం, ఇవేవీ ఆ మేనేజరు గారి లెక్కలోకి రావు.

ఇంత చెప్పి కూడా ఒక్కదాన్నే వెళ్తాను. ఎందుకంటే ఇంటిల్లిపాదీ ఎక్కిన కారంటే కదిలే పంచాయతీ. ఏసీ ఎంత, పాట ఏది, టిఫిను ఎక్కడ, అన్నిటికీ తీర్మానం చేయాలి. ఒంటరిగా ఉంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు బోర్డు కనపడగానే స్టీరింగు తిప్పేయొచ్చు. తిప్పాను కూడా. చలికాలం, చెరువు నిండుగా ఉంది. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు. ఒక్కో కొమ్మ మీద నాలుగైదు గూళ్లు, పిల్లలు తల్లి గొంతులోకి తలదూర్చి చేప లాక్కుంటున్నాయి. ఆ రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులు పిట్టల జోలికి పోరు. పక్షులను చూడ్డానికి టిక్కెట్టిచ్చే మనిషి, "ఎవరమ్మా మీతో వచ్చింది?" అని నా భుజం మీదుగా చూశాడు. ఎవరూ రాలేదని చెప్తే రెండోసారి చూశాడు. అక్కడ ఎంతసేపున్నానో నాకే తెలీదు. వెళ్దాం పద అనేవాళ్లు పక్కన లేకపోవడం ఎంత సుఖమో అక్కడ తెలిసింది.

తడ దాటి తమిళనాట అడుగుపెట్టాక గుమ్మిడిపూండి, ఆ తర్వాత రెడ్ హిల్స్. అక్కడి చెరువును చూస్తే మా నెల్లూరు వైపువాళ్లకు కాస్త గర్వంగా ఉంటుంది. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వెళ్లే కృష్ణ నీళ్లు పూండి మీదుగా ఆ చెరువుకు కూడా చేరతాయి. 1996 నుంచి చెన్నై ఆ నీళ్లు తాగుతోంది. మాధవరం రౌండ్‌ఠానా దగ్గర కుడికి తిరిగి, పాడి వంతెన ఎక్కి దిగి, కోయంబేడు చేరి అక్కడ కారు ఆపేశాను. ఆపేశాను అంటే, తిరుగు ప్రయాణం దాకా తాళం తీయలేదు.

ఇది నా పట్టుదల. పట్నానికి కారులో వెళ్లాలి గానీ పట్నాన్ని కారులో చూడకూడదు. చెన్నైలో స్టీరింగు పట్టుకుంటే నాకు కనిపించేది ముందున్న ఆటో వెనక రేకు, దానిమీద రాసిన తమిళం. నాకు తమిళం చదవడం రాదు కూడా. కోయంబేడులో మెట్రో ఎక్కితే ఎగ్మోరు, సెంట్రల్. సెంట్రల్‌లో మారితే హైకోర్టు. అక్కడ మెట్లెక్కి బయటికొస్తే జార్జ్‌టౌను.

ముందు బస సంగతి చెప్పి ఆ వీధుల్లోకి వెళ్తాను. కోయంబేడులో మొదట అడిగిన లాడ్జిలో కౌంటరు మీది అబ్బాయి నా ఆధార్ తీసుకుని, జిరాక్సు కూడా తీసి, అప్పుడు నా వెనక ఎవరూ లేరని గమనించాడు. "సింగిల్ లేడీస్‌కి రూం ఇవ్వం మేడం." ఎందుకని అడిగితే రూల్ అన్నాడు. ఏ చట్టంలోనూ లేని రూలది. యాభై దాటిన మనిషికి, గుర్తింపు కార్డు చేతిలో పెట్టిన మనిషికి, డబ్బు ముందే ఇస్తానన్న మనిషికి గది లేదంటే ఆ అబ్బాయి నన్నేమనుకున్నట్టు? అడిగాను. తల దించుకుని జిరాక్సు కాగితం తిరిగిచ్చాడు. నాలుగడుగులు వేస్తే ఇంకో లాడ్జి. అక్కడ పార్కింగు కూడా ఉంది, ఒక్క ప్రశ్న లేదు. మేనేజరు కుర్చీలో ఓ పెద్దావిడ కూర్చునుంది, బహుశా అందుకేనేమో.

జార్జ్‌టౌనును నడిచే చూడాలి. వేరే దారి లేదు, ఆ సందుల్లో సైకిలే ఇరుక్కుంటుంది. ఆండర్సన్ వీధి మొత్తం కాగితం, శుభలేఖలు. మేడ మీంచి కాగితం బొత్తులు తాడుతో దించుతుంటారు, కింద కూలీ రెండు చేతులూ చాచి నెత్తిన పట్టుకుంటాడు. సగం కోసిన అట్టలు గుమ్మాల ముందు, జిగురు వాసన, కటింగు మిషను పడ్డప్పుడల్లా నేల అదురుతుంది. ఒక శుభలేఖల దుకాణం ముందు నిలబడి కార్డులు తిప్పి చూస్తుంటే లోపల్నించి పెద్దాయన, "మీది ఏ ఊరుమా?" అని తెలుగులో పలకరించాడు. ఒంగోలు అన్నాను. వాళ్లది ఏ ఊరో ఆయనకు తెలీదట. ముత్తాతల నాడే వచ్చేశారు, ఇంట్లో మాత్రం తెలుగే. "సదవను రాదు, మాట్లాడను వస్తుంది" అన్నాడు. కాఫీ తెప్పించాడు. బిల్లులు తమిళంలో రాసుకుంటూ, మనవరాలితో ఫోనులో ఇంగ్లీషు, నాతో తెలుగు, తోపుడు బండివాడితో హిందీ. నా పక్కన ఇంకెవరైనా ఉండుంటే ఆయన లోపల్నించే చూసి ఊరుకునేవాడని నా నమ్మకం. ఇద్దరున్నచోట మూడోవాడు మాట కలపడు. ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఎవరో ఒకరు స్టూలు జరుపుతారు.

అక్కడ మనవాళ్ల అడుగులు కొత్తవి కావు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ ఇసుక నేల రాసిచ్చింది దామెర్ల నాయకులు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం. గోవిందప్ప నాయకన్ వీధిలో కన్యకాపరమేశ్వరి గుడి ఉంది, దాన్ని ఆనుకునే కొత్వాల్ చావడి. పట్నానికంతా కూరగాయలు అక్కణ్ణించే వెళ్లేవి. సందులు పట్టక 1996లో ఆ మార్కెట్టును కోయంబేడుకు తరలించారు. పొద్దున నేను కారు పెట్టిన చోటు అదే. తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక నడిచింది. దాన్ని నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం సీసాలు ఇవాళ్టికీ నా షాపు ముందు అరలో ఉంటాయి. మందులమ్ముకునేదాన్ని, ఆ వీధిలో ఓ నిమిషం ఎక్కువ నిలబడ్డాను. మైలాపూరు లజ్‌లో ఆయన పేరున ఒక పార్కుంది. సాయంత్రాలు అక్కడ ముసలివాళ్లు గుండ్రంగా నడుస్తుంటారు. అందులో ఎంతమందికి ఆయనెవరో తెలుసో నేను అడగలేదు.

మైలాపూరుకు బస్సులో వెళ్లాను. ముందుభాగానికి గులాబీ రంగు వేసిన సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, 2021 నుంచి. కండక్టరు నా ఊరు అడగలేదు, కార్డు చూపమనలేదు, సున్నా టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్లు స్థానికులమని కార్డు చూపితేనే ఉచితం. ఖర్చు లెక్కలు నాకు తెలుసు, తప్పుపట్టను. కానీ పరాయి రాష్ట్రంలో ఆ సున్నా టికెట్టు చేతికొచ్చినప్పుడు ఆ ఊరు నన్ను కూర్చోమన్నట్టుంది.

రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన చోటుంది. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న ఆయన అక్కడే పోయారు. మా పక్క జిల్లాకు ఆయన పేరే. దారి పొడవునా బోర్డుల మీద చదివే ఆ పేరు గల మనిషి ఏ గోడల మధ్య పోయాడో చూడ్డానికి ఒంగోలు నుంచి పట్టుచీరల కోసం వెళ్లే బస్సులు ఆగవు. మా ఇంటివాళ్లతో వెళ్లినప్పుడు నేనూ ఎప్పుడూ ఆగలేదు. టి.నగర్ నుంచి టి.నగర్‌కే తిరిగేవాళ్లం.

ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో మన కృష్ణ ఒడ్డు నుంచి తరలించుకుపోయిన సున్నపురాయి అది. కొంత లండను చేరింది, కొంత ఇక్కడ మిగిలింది. ఒక పలక మీద స్తూపం చుట్టూ మూగిన జనంలో ఒకామె పక్కకు తిరిగి చెవి పోగు సవరించుకుంటోంది. ఉత్సవంతో ఆమెకేం పని లేనట్టుంది. నాకు బాగా నచ్చింది.

ఇక అసలు విషయానికొస్తాను. ప్రభుత్వాలు పర్యాటకమంటే రిసార్టులు, రోప్‌వేలు అంటున్నాయి. నాలాంటివాళ్లకు అవేవీ అక్కర్లేదు. మన హైదరాబాదు సంగతే చూడండి. విజయవాడ రోడ్డు మీద వచ్చే కారుకు ఎల్బీనగర్లో మెట్రో ఎదురవుతుంది, ముంబయి రోడ్డు మీద వచ్చే కారుకు మియాపూర్లో. రెండూ ఒకే లైను కొసలు. ఆ రెండుచోట్లా బయటి జిల్లాల కార్లు రెండు మూడు రాత్రులు భద్రంగా నిలిపే ఏర్పాటు, దానికి న్యాయమైన రుసుము పెడితే ఎంతమంది ఊళ్లోకి బండి తేవడం మానేస్తారో చూడండి. ఒంటరి ఆడవాళ్లకు గది ఇవ్వం అనే లాడ్జీల లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు మునిసిపల్ అధికారులు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఆ రూలు ఏ చట్టంలో ఉందో చూపమని.

బంకులవాళ్లకు మాత్రం పథకాలేవీ అక్కర్లేదు. తెల్లవారుజామున ఐదింటికి పెట్రోలు పోయడానికి మనిషి ఉన్నప్పుడు, ఆ మనిషి జేబులో తాళంచెవి కూడా ఉండాలి. లేదంటే ఆ తాళం పీకి గాలి మిషనుకు వేయండి, మగవాళ్ల టైర్లలో గాలి తగ్గినప్పుడు మేనేజరు గారు తొమ్మిదింటిదాకా ఆగరు.